మూడో జేబు

సూది ఇంతవరకు ఎవరితోనూ పైకి అనని మాట ఒకటుంది. పిన్ని తన కోసం కుట్టిన కోటులో మూడో జేబును గడువు రాకముందే విప్పింది తనే.

సూది ఆమె అసలు పేరు కాదు. ఒకచోట కుదురుగా ఉండదని, కనిపించకపోతే ఎక్కడో ఎవరినో గుచ్చుతూ ఉంటుందని చిన్నప్పుడు పిన్ని పెట్టిన పేరు. చదువు మధ్యలో ఆపేసినా, కత్తిరింపు నుంచి కాజాల దాకా చూసి చూసి తనే నేర్చుకుంది. ఇప్పుడు ఆ బట్టలు కుట్టే కొట్టు నడిపేదీ తనే. పొద్దున్నే షట్టరెత్తి, మిషనుకి నాలుగు చుక్కల నూనె వేసి, నిన్నటి దారప్పోగులు ఊడ్చి, ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపు టీ తాగేస్తుంది.

ఆ కొట్టుకి పేరు తెచ్చింది మాత్రం పిన్ని జేబులు. డబ్బు దాచి ఏ రోజున తెరుచుకోవాలని కుడితే ఆ రోజే తెరుచుకుంటాయి. అంతకుముందు వేలు పెడితే గోడలో పెట్టినట్టే. అందులో ఎవరికీ వింతేమీ లేదు. ఫలానా చోట బొత్తాలు గట్టిగా కుడతారు, ఇక్కడ జేబులు గట్టిగా కుడతారు, అంతే.

"పదేళ్లకి పెట్టమ్మా," అంటూ బస్సు డ్రైవరు తన కోటు బల్ల మీద పడేసేవాడు. "నా చెయ్యి నా మాట వినదు."

"వినంది చెయ్యి కాదన్నయ్యా, నోరు. ముందు ఆ సిగరెట్లు మానెయ్," అనేది పిన్ని, పళ్ల మధ్య గుండుసూదులు పెట్టుకునే.

సూదికి పద్దెనిమిది నిండిన రోజు పిన్ని రెండు కోట్లు కుట్టింది. సూదికి గోధుమరంగు లైనింగు, తనకి ఆవపిండి రంగు గళ్ల లైనింగు. ఒక్కోదానికి నాలుగేసి జేబులు, మూడేళ్లకొకటి తెరుచుకునేలా.

"అన్నీ ఒకేసారి తెరుచుకుంటే పోలేదా?"

"ఆ రోజు నీ బుర్ర బాగోకపోతేనో? ఒకటి తగలేసినా ఇంకోటి మిగలాలి కదే."

జేబుల్లో పెడుతూ ఒక్కోటీ చూపించింది. "షేరంటే ఒకడి కొట్టులో నీకూ ఓ మూల. వాడు మునిగితే నువ్వూ మునుగుతావు. బాండంటే వాడికి నువ్విచ్చిన అప్పు. లాభమొచ్చినా రాకపోయినా చెప్పిన రోజుకి ఇవ్వాల్సిందే, వాడంటూ నిలబడి ఉంటే. అందుకే ఎవడికిస్తున్నామో చూసుకోవాలి. ఫండంటే అతుకుల దుప్పటి. ఒక ముక్క చిరిగినంత మాత్రాన చలికి చావం."

"మరి ఈ బంగారు నాణెం?"

"అదేం పని చెయ్యదు, కూర్చుంటుంది. అందరూ పరిగెత్తేటప్పుడు కూర్చునేవాడు కూడా ఒకడుండాలి."

తన కోటు జేబులకి పేర్లు కూడా పెట్టుకుంది పిన్ని: మోకాళ్ల జేబు, కళ్లజోడు జేబు, పళ్ల జేబు. నాలుగోది ఏమో జేబు. "ఏమొస్తుందో ఏమో!" అని నవ్వేది.

మొదటి రెండు జేబులూ చెప్పిన రోజుకే తెరుచుకున్నాయి. సూదికి ఒకదానితో అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను, ఇంకోదానితో కొట్టుకి అద్దాలు వచ్చాయి. ఆ తర్వాత ఏడాదికి ఫోనులో వీడియోలు చూసి ఆప్షన్లు నేర్చుకుంది. నేర్చుకున్నాననుకుంది. షేరు కొనక్కర్లేదు, ఫలానా ధరకి కొనే హక్కు కొంటే చాలు. షేరు ఎగిరితే పదింతలు, గడువులోపు ఎగరకపోతే సున్నా. ఆ రెండో ముక్క వీడియోలో గబగబా చెప్పారు, సూది ఇంకా గబగబా విన్నది.

ఒక మధ్యాహ్నం పిన్ని భోజనానికి వెళ్లినప్పుడు, కుట్లు విప్పే కత్తితో మూడో జేబు విప్పింది. జేబు మారాం చెయ్యలేదు. లోపలి బాండుని గడువుకి ముందే అమ్మితే పెట్టినదానికంటే కాస్త తక్కువొచ్చింది, అంతే. అదంతా ఆప్షన్లలో పెట్టింది, వారం తిరిగేసరికి సున్నా అయింది. ఖాళీ జేబుని అదే దారంతో, అవే రంధ్రాల్లో మళ్లీ కుట్టేసింది.

నెల తర్వాత పిన్ని కొట్టు తాళాలు సూది చేతిలో పెట్టి తమ్ముడి ఊరికి వెళ్లిపోయింది. వెళ్లేముందు సూది కోటు ఇస్త్రీ చేస్తానని లోపలి గదిలో కూర్చుంది.

"ఒక్క కోటుకి సాయంత్రం దాకానా పిన్నీ? అదేమైనా ఉద్యోగానికెళ్తుందా?"

"ముడతలు మొండివే," అంది పిన్ని.

అప్పట్నుంచి రెండేళ్లుగా పిన్ని ఫోనులో మాటలు రికార్డు చేసి పంపుతూనే ఉంది. వీడియోలో చూద్దామంటే మాత్రం, "నా మొహం ఏం చూస్తావులే," అంటుంది. మాటల్లో గాలి ఎక్కువైంది. ఫోను పాడైందేమో అనుకుంది సూది. సిగ్గుకొద్దీ బదులుగా ఒక బొటనవేలి బొమ్మ పంపి ఊరుకునేది.

ఇప్పుడు కొట్టు గదిని అమ్మేస్తున్నాడు ఇంటాయన. నెలాఖరులోగా అడ్వాన్సు కడితే సూదికే ఇస్తానన్నాడు, లేకపోతే మందుల షాపతను కాచుకుని ఉన్నాడు. సరిగ్గా ఈ రోజే మూడో జేబు తెరుచుకోవాల్సిన రోజు. ఖాళీ జేబు తెరుచుకుంటే ఎంత, తెరుచుకోకుంటే ఎంత!

కొక్కేనికున్న కోటులోంచి బొత్తం జారినట్టు చిన్న చప్పుడైంది. ఏప్రను సరిచేయించుకోవడానికొచ్చిన బేకరీ ఆమె తలెత్తింది.

"సూదమ్మా, నీ జేబు తెరుచుకుంది. చూడవేం? నాదైతే ఈపాటికి తలతో సహా దూరేదాన్ని."

ఆమె ఊరుకునేలా లేదని సూది లేచి చెయ్యి పెట్టింది. కాగితం తగిలింది. బయటికి తీసింది. బాండు. మొదటి యజమాని పిన్ని. వెనకవైపు బదిలీ చోట పిన్ని సంతకం, పక్కన సూది అసలు పేరు.

జేబుని వెలుతురు వైపు తిప్పింది. లోపలి గుడ్డ గోధుమరంగు కాదు. ఆవపిండి రంగు గళ్లు. కళ్లజోడు పెట్టుకున్నా కళ్లు ఆనని మనిషి వేసిన కుట్లు, కొన్ని పొడుగు, కొన్ని పొట్టి. జేబు విప్పితే విలువ తరుగుతుందని పిన్నికి తెలుసు. అందుకే తన కోటు నుంచి దాన్ని తెరవకుండా, గుడ్డతో సహా కత్తిరించి ఇక్కడ అతికింది. మూడోది. పళ్ల జేబు.

మాటల్లో గాలి ఎందుకెక్కువైందో సూదికి అప్పుడు తెలిసింది.

"అయ్యో, ఏడుస్తున్నావేంటే? తక్కువొచ్చిందా?" అంది బేకరీ ఆమె.

"లేదక్కా. ఎక్కువే వచ్చింది. చాలా ఎక్కువ."

గది దక్కుతుంది. గదికి కట్టగా మిగిలినదానితో మొదలుపెడితే, నాలుగో జేబులోని బంగారు నాణెం చేతికొచ్చేసరికి పిన్ని నోటినిండా పళ్లొస్తాయి, మళ్లీ గుండుసూదులు పట్టుకునేంత గట్టివి. బొటనవేలి బొమ్మలు ఇక చాలు. పిన్ని ఫోను ఎత్తగానే ముందు, "విప్పింది నేనే," అనాలి. "తెలుసులేవే," అంటుంది. అన్నా సరే, అనాలి. ఆ తర్వాత పళ్ల డాక్టరు దగ్గరికి ఎప్పుడెళ్దామో అడగాలి.

ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపేసి, సూది ఫోను చేతిలోకి తీసుకుంది.