సొంతదారు పేరు

1944 మే 9, మంగళవారం, ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలు. ఆకాశంలో మబ్బుతునక లేదు, గాలి బొత్తిగా లేదు. కాలువలు కట్టేసి మూడు వారాలు దాటింది గనుక బెజవాడ నేతగాళ్ళ వీధి వెనకనున్న పిల్లకాలువలో ఒండ్రు నెర్రెలు విచ్చి ఉంది.

పడుగుకు గంజి పట్టించడానికి కావలసింది సరిగ్గా అటువంటి వేళే. వీరభద్రయ్యగారూ, ఆయన కొడుకు భావనారాయణా వీధి పొడవునా సాచిన పడుగుకు అటొకరు ఇటొకరు నిలబడి కుంచె లాగుతున్నారు. మొదలుపెట్టిన తరువాత నడుమ ఆపడానికి వీలులేదు. ఆపితే తడిపోగులు ఒకదానికొకటి అంటుకుని పడుగంతా పాడవుతుంది. యుద్ధం మూలాన నూలు కంట్రోలులోకి పోయిన రోజులవి. ఆ కాస్త నూలు కోసం ఆ ఇంటివారు ఏడు వారాలు ఎదురుచూశారు.

కోడలు సుబ్బరత్నం మాత్రం గంజికుండ దగ్గర నిలవలేకపోతున్నది. ఇప్పటికి నాలుగుసార్లు వీధి మలుపుదాకా వెళ్ళి వచ్చింది. తెల్లవారినప్పటినుంచీ జిమ్మి కనిపించలేదు.

జిమ్మి ఆ ఇంటికి వచ్చిన కారణం కూడా యుద్ధమే. రెండేళ్ళ కిందట కాకినాడమీద బాంబులు పడినప్పుడు బెజవాడలో సగంమంది మూటలు కట్టుకుని పల్లెలకు పోయారు. పక్క సందులో కాపురమున్న నర్సు తెరేసమ్మ కూడా పోతూ పోతూ, పది రోజులు చూసుకోమని తన కుక్కపిల్లను సుబ్బరత్నం చేతిలో పెట్టింది. తెరేసమ్మ మళ్ళీ రాలేదు. కుక్క ఉండిపోయింది.

ఉండిపోయిందే గాని, ఎవరిదో తేలలేదు. మామగారు దాన్ని "ఆ నర్సమ్మ కుక్క" అనేవారు. అత్తగారు భద్రమ్మ కోడలితో "నీ కుక్క" అనేది. భావనారాయణ ఎవరడిగినా వీధికుక్క అని చెప్పేవాడు. అయితే ఎండాకాలం మధ్యాహ్నాలు అది మగ్గం గుంటలో అతని పాదాల పక్కనే, చల్లటి మట్టిమీద పడుకునేది. కాలు ఆడించేటప్పుడు దాని తోక తగలకుండా అతను మోకాలు ఒకపక్కకు తిప్పుకునేవాడు. మామగారు తన చద్దిలో చివరి ముద్ద ఎవరూ చూడకుండా దానికి వేసేవారు. అత్తగారు గంజికుండ దగ్గరికి రానివ్వక కర్రతో అదిలించి, ఆ కర్ర పక్కన పెట్టి, అడుగున మిగిలిన గంజి చిప్పలో పోసేది. అందరూ పెట్టేవారే. నాదని అన్నవారు లేరు.

శుక్రవారం పై వీధిలో ఒక పిచ్చికుక్క ఇద్దరిని కరిచింది. శనివారం మునిసిపాలిటీవారు దండోరా వేయించారు: మెడలో బిళ్ళ లేని కుక్కలను పట్టుకుపోతారు, బిళ్ళ కావలసినవారు పేరు రాయించుకోవాలి. ఆ సంగతి సుబ్బరత్నం భర్తకు మూడు రోజుల్లో మూడుసార్లు చెప్పింది. పడుగు పని కానీ, చూద్దాం, అన్నాడతను.

ఆరున్నరకు కాలువగట్టు వైపునుంచి ఒక్క అరుపు వినిపించింది. ఆ అరుపు ఎవరిదో ఆమెకు తెలుసు. మగవాళ్ళ చేతుల్లో కుంచె ఉంది. కొంగు బిగించుకుని పరుగెత్తింది.

గట్టుమీద బోను కట్టిన ఎడ్లబండి నిలబడి ఉంది. జిమ్మి మెడకు ఉచ్చు పడి, నాలుగు కాళ్ళూ నేలకు తన్నిపట్టి ఉంది. మునిసిపాలిటీ గుమాస్తా రామకోటేశ్వరరావు చెట్టునీడన పుస్తకం తెరిచి నిలబడ్డాడు.

"అది మాదండీ," అంది సుబ్బరత్నం.

"మాదంటే కుదరదు తల్లీ. సొంతదారు పేరు చెప్పు."

పెళ్ళయి పదకొండేళ్ళలో ఆమె భర్త పేరు ఒక్కసారీ పలకలేదు. పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని చిన్ననాడు విన్నది. అందులో నమ్మకమెంతో, అలవాటెంతో ఎన్నడూ విడదీసి చూసుకోలేదు.

"బాపట్లలో వెలసిన స్వామి పేరండీ."

"భావనారాయణ. మీ వీధిలో భావనారాయణలు ఆరుగురున్నారమ్మా. సగం ఇళ్ళకు ఇంటిపేరూ ఒకటే. ఎవరి కొడుకు?"

మామగారి పేరూ పలకకూడనిదే. "దక్షుడి యజ్ఞం పాడుచేసినాయన పేరండీ," అంది తలవంచుకుని.

ఉచ్చు పట్టుకున్నవాడు నవ్వాడు. "ఈ పురాణం పూర్తయ్యేలోగా కుక్క కైలాసం చేరుతుంది బాబూ."

గుమాస్తా నవ్వలేదు. వీరభద్రయ్యల కొడుకులైన భావనారాయణలు ఇద్దరున్నారనీ, వీధి ఆ కొసనున్నాయన తనకు కుక్కే లేదని ఇందాక చెప్పాడనీ, ఒకరికి బదులు ఇంకొకరిని రాస్తే మాట తనకు వస్తుందనీ ఓపికగా వివరించాడు. ఆమె భర్తనే పిలుచుకు రమ్మన్నాడు. పడుగు ఆపి రావడానికి వీల్లేదని ఆమె చెప్పింది. అయితే తానూ ఆగడానికి వీల్లేదని అతను పుస్తకం మూయబోయాడు. బోను తలుపు తెరిచారు.

"నా పేరు రాయండి. సుబ్బరత్నం. కుక్క నాదే."

రామకోటేశ్వరరావు పుస్తకం మొదటి పుట తిప్పి నిబంధనలు చదివాడు. ఆడవారి పేరు కూడదని అందులో లేదు. "ఇది ఎవరినైనా కరిస్తే పూచీ నీది," అన్నాడు. "ఆ పిచ్చికుక్క దీన్ని ముట్టుకోలేదుగదా?"

శుక్రవారం సాయంత్రం జిమ్మి రెండు గంటలసేపు ఇంట్లో లేదు.

"లేదండీ," అని ఆమె సంతకం చేసింది.

ఆమె తిరిగి వచ్చేసరికి పడుగు పని ముగిసింది. పోగు చెడలేదు. జిమ్మి మెడలో బిళ్ళ చూసి వీరభద్రయ్యగారు ఎవరి పేర రాయించావని అడిగారు. తెలిసిన తరువాత, ఇంట్లో ఇద్దరు మగవాళ్ళం బతికుండగానా అన్నారు.

"ఉండి ఏం చేశారు?" అంది భద్రమ్మ. "రెండేళ్ళుగా మీరెవరూ మాది అనలేదు. అన్నది రాయించుకుంది."

భావనారాయణ ఆ మధ్యాహ్నం జిమ్మి గుంటలోకి దిగుతుంటే ఎప్పటిలాగే మోకాలు పక్కకు తిప్పాడు.

సుబ్బరత్నానికి మాత్రం కుదురు లేదు. దాని ఒంటిమీద ఎక్కడైనా పంటిగాటు ఉందేమోనని వెంట్రుకలు పాయలుగా తీసి వెతికింది. ఏదీ దొరకకపోయినా మనసు ఒప్పుకోలేదు. పిచ్చి ఎక్కిన కుక్క నీళ్ళు ముట్టదని విన్నది గనుక గంటకొకసారి చిప్పలో నీళ్ళు పోసి నిలబడేది. అది తాగితే లోపలికి వెళ్ళేది, తాగకపోతే అరుగుమీద ఆడుకునే వీధి పిల్లలను దూరంగా పంపేసేది. ఎందుకని అడిగినవారికి చెప్పడానికి లేదు, చెబితే తాను పెట్టిన సంతకమే అబద్ధమవుతుంది. ఇదివరకు నలుగురు పెట్టే తిండిని చూసుకుని ఊరుకునేది. ఇప్పుడు దాని ప్రతి అరుపుకూ తానే లేవాలి. కాలువలకు నీళ్ళు వదిలారు, తొలకరి పడింది, పడుగు చీరలై మగ్గం దిగింది. ఆమె ఇంకా చిప్ప దగ్గర నిలబడుతూనే ఉంది.

జిమ్మికి ఏ జబ్బూ రాలేదు. ఆ బిళ్ళను ఏటేటా సుబ్బరత్నం పేరుమీదే మార్పించారు. 1951 ఆగస్టులో అది వృద్ధాప్యం వల్ల చనిపోయింది.