గట్టు మీది పాట

ఎనిమిదో పాట కూడా పాడేసి భానుశ్రీ హెడ్‌ఫోన్స్ తీసేసరికి, అద్దానికి అవతల విశ్వేశ్వర్ రెండు చేతులూ పైకెత్తి గంతులేస్తున్నాడు. గవర్నర్‌పేటలో శుభలేఖలు అచ్చేసే షాపు మీద ఉంది అతని స్టూడియో. ఆ గంతులకి కింద షాపువాళ్లు కర్రతో స్లాబుని టకటకా పొడిచారు.

"అయిపోయింది భానూ! సోమవారం ఇవ్వాల్సింది శుక్రవారం పొద్దున్నే అయిపోయింది. మన చరిత్రలో ఎప్పుడైనా జరిగిందా ఇది?"

"మన చరిత్ర నాలుగేళ్లేగా విశ్వా," అని నవ్వింది భానుశ్రీ. కానీ ఆమెకీ కాలు నిలవడం లేదు.

భానుశ్రీది ఉయ్యూరు. నాన్న రామకోటేశ్వరరావుకి చెరుకు వ్యవసాయం. ఇరవై ఆరేళ్లకే ఆమె పాటలు కాలేజీ ఫెస్టుల్లోనూ, సిటీ బస్సుల్లో పిల్లల ఫోన్లలోనూ మోగుతున్నాయి. పోయిన డిసెంబరులో ఒక కాలేజీ వేడుకలో చిన్నప్పుడు నేర్చుకున్న క్రిస్మస్ పాటొకటి సరదాగా పాడింది. ఎవరో వీడియో తీసి పెడితే అది ఊళ్లు చుట్టేసింది. హైదరాబాదు మ్యూజిక్ కంపెనీ నుంచి ఫోనొచ్చింది: ఈసారి క్రిస్మస్‌కి పూర్తి ఆల్బమ్ చెయ్యమని. ఐదు పాటలు ఆమె సొంతంగా కట్టినవి, మూడు ఇక్కడి చర్చిల్లో పాడుకునే పాతవి.

వాళ్లింట్లో ఎవరూ క్రైస్తవులు కారు. ఇంటి పక్కన ఎలిమెంటరీ స్కూలుండేది. దానికి హెడ్మాస్టరు ఏసుపాదం గారు. డిసెంబరు వస్తే చాలు, ఆయన గొంతున్న పిల్లలందర్నీ పోగేసి హార్మోనియం ముందు కూర్చోబెట్టేవారు. "వెళ్లనా నాయనమ్మా?" అని అడిగితే, "పాటకి మతమేంటే, వెళ్లి పాడు. అన్నం వేళకి మాత్రం రా," అనేది నాయనమ్మ రావమ్మ. అలా వచ్చినవే ఆ మూడు పాత పాటలూ.

అన్నిట్లోకీ చివరిదంటే భానుశ్రీకి ప్రాణం. మాస్టారు దాన్ని గట్టుపాట అనేవారు. ఆమెకి రెండు చరణాలే గుర్తున్నాయి. విశ్వేశ్వర్ దాన్ని నెమ్మదిగా, పియానో మీద, వెనకాల వయొలిన్లతో చేశాడు. మూడు వారాలు పట్టింది. ఉయ్యాల ఊపుతున్నట్టు పాడింది భానుశ్రీ. విన్న ప్రతివాళ్లూ కళ్లు తుడుచుకున్నారు. కంపెనీ మేనేజరైతే, "మేడం, ఆల్బమ్‌కి ఇదే గుండెకాయ," అన్నాడు. కవరు మీద ఆ పాట కింద "సంప్రదాయ గీతం" అని వేసి డిజైను కూడా పంపాడు.

"ముందు మాస్టారికి వినిపించాలి," అంది భానుశ్రీ, కారు తాళాలు తీసుకుంటూ.

మధ్యాహ్నానికల్లా ఉయ్యూరులో ఉంది. చెరుకు ట్రాక్టర్లు ఫ్యాక్టరీ వైపు బారులు తీరి ఉంటే, వాటి మధ్య నుంచి సందులోకి దూరడానికే పావుగంట పట్టింది. ఏసుపాదం గారికి ఎనభై దగ్గర పడ్డాయి. వరండాలో కుర్చీలో కూర్చుని, ఆమె ఇచ్చిన హెడ్‌ఫోన్స్ రెండు చేతులతో చెవులకి అదుముకుని, ఎనిమిది పాటలూ కళ్లు మూసుకుని విన్నారు. రెండోదానికి మోకాలి మీద తాళం వేశారు. ఐదోదానికి నవ్వారు. చివరిదానికి కదలకుండా కూర్చున్నారు.

"ఎలా ఉంది మాస్టారూ?"

"నీ గొంతు బంగారమమ్మా. అది నీ చిన్నప్పుడే చెప్పాను," అని ఆగారు. "మూడో చరణం ఏదీ?"

"మూడో చరణం ఉందా?"

"ఉంది. నాకు రాదు. కట్టినావిడ దగ్గర ఉంటుంది."

భానుశ్రీ కుర్చీలోంచి లేచి నిలబడింది. "కట్టినావిడా? అది పాత పాట కదా మాస్టారూ? ఎవరు కట్టారో తెలియదనుకున్నాం."

"అంత పాతదేం కాదు. దివిసీమలో సువార్తమ్మ అని, అంగన్‌వాడీలో చేసి రిటైరైంది. వేసవిలో టీచర్లకి పెట్టే ట్రైనింగులో వాళ్ల ఊరి కుర్ర టీచరొకడు నాకు నేర్పాడు ఆ పాట. అతనికి రెండు చరణాలే వచ్చు. నేనూ అంతే నేర్పాను మీకు."

"ఆవిడ ఉన్నారా?"

"పోయిన నెల పెళ్లిలో కనిపించింది. నాకంటే గట్టిగా ఉంది."

భానుశ్రీ అప్పటికప్పుడే విశ్వేశ్వర్‌కి ఫోను చేసింది. "ఆ పాట కట్టినావిడ బతికే ఉన్నారు విశ్వా! రేపు పొద్దున వెళ్తున్నాం."

"పాట అయిపోయిందిగా భానూ," అన్నాడతను నీరసంగా. అయినా వచ్చాడు.

శనివారం మాస్టారితో కలిసి ముగ్గురూ బయల్దేరారు. చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ దాటాక రోడ్డుకి రెండు పక్కలా కోతకొచ్చిన వరి. ఒక పంటకాలవ పక్కన పచ్చరంగు డాబా ముందు కారాగింది. సువార్తమ్మ అరుగు మీద కూర్చుని గోంగూర తుంపుతోంది. అరవై ఏడేళ్ల మనిషి, సన్నగా, నిటారుగా ఉంది. మాస్టార్ని చూసి లేచి, అందరికీ మంచినీళ్లిచ్చింది.

భానుశ్రీ దండం పెట్టింది. "మామ్మగారూ, మీ పాట నేను పాడాను. మీదని తెలియదు. తెలియక సంప్రదాయ గీతమని రాయించాం. క్షమించాలి. ఒకసారి వింటారా?"

ఆ పాట కోసం ఉయ్యూరు నుంచి కారేసుకొచ్చారంటే ఆమె నమ్మలేనట్టు చూసింది. ఫోన్లో పాట మొదలైంది. పియానో, వయొలిన్లు, భానుశ్రీ గొంతు. భానుశ్రీ ఆమె కళ్ల వైపే చూస్తోంది, నీళ్లు ఎప్పుడు తిరుగుతాయా అని. ఒక నిమిషం గడిచిందో లేదో, సువార్తమ్మ చెయ్యి చాపింది.

"ఆపమ్మా."

భానుశ్రీ ఆపింది.

"బాగా పాడతన్నావు. కాదనను. కానీ ఎవరు పోయారని తల్లీ ఆ ఏడుపు?"

విశ్వేశ్వర్ మొహం ఎర్రబడింది. "అది ఏడుపు కాదండీ, ఫీల్..."

"నాకు ఏడుపు తెలుసు బాబూ," అంది సువార్తమ్మ మెల్లగా. "ఉప్పెనప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. మా అమ్మా, తమ్ముడూ పోయారు. ఊళ్లో గోడున్న కొంప లేదు. మిగిలినవాళ్లందర్నీ స్కూల్లో పెట్టారు. పిల్లలు మాట్లాడేవాళ్లు కాదు. అన్నం పెడితే తినేవాళ్లు, లేకపోతే గోడకేసి చూస్తా కూర్చునేవాళ్లు. నవంబర్లో ఉప్పెన, నెల తిరిగేసరికి క్రిస్మస్. ఈ యేడు పండగేంటని పెద్దోళ్లందరూ అన్నారు. నాకు మటుకు ఆ పిల్లల్ని చూస్తే కోపమొచ్చింది. ఎవరి మీదో తెలీదు. లేవండర్రా అని పదకొండు మందిని రెక్కపట్టుకు లేపి, ఈ కాలవగట్టు మీదికి తోలుకొచ్చా. నడుస్తా నడుస్తా కట్టిన పాట అది. వాళ్ల చేత చప్పట్లు కొట్టించడానికి కట్టా. ఏడవడానికి కాదు, ఏడుపు ఆపడానికి."

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఎలా పాడారో చెప్పరా మామ్మగారూ?" అంది భానుశ్రీ.

సువార్తమ్మ గోంగూర పళ్లెం పక్కన పెట్టింది. చప్పట్లు మొదలుపెట్టింది. ఆ చప్పట్ల వేగానికి భానుశ్రీ ఉలిక్కిపడింది. వాళ్లు చేసినదానికి రెట్టింపుంది.

*ఎవరొచ్చారే ఎవరొచ్చారే మన గట్టు మీదికి?*
*చిన్నోడొచ్చాడే చిన్నోడొచ్చాడే మన జట్టులోనికి!*

బాణీ అదే. కానీ అందులో ఇప్పుడు కాళ్లున్నాయి. రెండు చరణాలయ్యాక, భానుశ్రీ ఎప్పుడూ వినని మూడోది వచ్చింది.

*పాకలోన పుట్టినోడు పాకలేని చోటికొచ్చె*
*పాలు లేవు పండు లేదు, పాట పెట్టి పిలవరండి!*

భానుశ్రీ తనకి తెలియకుండానే చప్పట్లు కొడుతోంది. పక్కింటావిడ చీపురు పట్టుకునే వచ్చి గొంతు కలిపింది. పాట అయ్యాక సువార్తమ్మ ఆయాసపడుతూ నవ్వింది. "ఇదీ. ఇట్టా."

కారు దగ్గరికొచ్చి విశ్వేశ్వర్ బానెట్‌కి ఆనుకుని నిలబడ్డాడు. భానుశ్రీ ఏమంటుందో అతనికి తెలిసిపోయింది.

"వద్దు భానూ. సోమవారం పదింటికి పంపాలి. మూడు వారాల పని అది. మేనేజరు దాన్నే గుండెకాయ అన్నాడు."

"అబద్ధం గుండెకాయ ఎలా అవుతుంది విశ్వా? నువ్వు చెప్పు. ఆవిడ పాడినప్పుడు నీ కాలు కూడా ఆడింది. నేను చూశాను."

విశ్వేశ్వర్ కాలవ వైపు చూశాడు. తర్వాత, "స్టూడియోలో ఇది రాదు. ఇక్కడే తియ్యాలి," అన్నాడు. "నా దగ్గర మోసుకొచ్చే రికార్డరుంది, ఆరు మైకులున్నాయి. రేపు ఆదివారం. చర్చికి జనం ఎంతమంది వస్తారో అడుగు."

భానుశ్రీ ఒక్క ఉరుకులో అరుగు దగ్గరికి వెళ్లింది.

ఆదివారం ఆరాధన పదకొండున్నరకి ముగిసింది. ఎవరూ ఇంటికి వెళ్లలేదు. వెళ్లినవాళ్లు కూడా చుట్టాల్ని వెంటబెట్టుకుని తిరిగొచ్చారు. రామకోటేశ్వరరావు ఉయ్యూరు నుంచి కూతురి పాట చూడ్డానికి వచ్చి, ఇప్పుడు మైకు స్టాండు కదలకుండా పట్టుకుని నిలబడ్డాడు. డోలక్, తాళాలు, రెండు టాంబరిన్లు. ఫ్యాన్ల చప్పుడు పడుతోందని విశ్వేశ్వర్ ఆపించేశాడు. రెండు నిమిషాల్లో అందరూ చెమటతో తడిసిపోయారు. అయినా నవ్వుతున్నారు.

మొదటిసారి అందరూ అరిచేశారు. మైకుల్లో అరుపు తప్ప పాట లేదు. రెండోసారి బాగానే మొదలైంది, కానీ సగంలో సువార్తమ్మ చెయ్యెత్తి ఆపేసింది. నేరుగా భానుశ్రీ ముందుకొచ్చి నిలబడింది.

"అమ్మాయ్, నువ్వు మాకు ముందు పోతన్నావు. గట్టు మీద ఒక్కళ్లు ముందు పోతే మిగతావాళ్లు పడిపోతారు. మాతో నడువు."

భానుశ్రీకి సిగ్గేసింది. నాలుగేళ్లుగా స్టేజీ మీద అందరికంటే ముందు నిలబడడమే ఆమె పని. తన మైకు తీసి విశ్వేశ్వర్‌కి ఇచ్చేసింది. వెళ్లి ఆడవాళ్ల వరసలో, సువార్తమ్మ పక్కన, ఒక ముసలామె భుజానికి భుజం ఆనించి నిలబడింది.

"నీ గొంతు విడిగా వినపడదు భానూ," అన్నాడు విశ్వేశ్వర్ కంగారుగా.

"వినపడనక్కర్లేదు. మొదలుపెట్టు."

మూడోసారి డోలక్ మోగింది. చప్పట్లు ఒక్క మనిషివే అన్నట్టు కలిశాయి. మొదటి చరణానికి వెనక నిలబడ్డ మగవాళ్లు కాళ్లు నేలకేసి కొట్టడం మొదలుపెట్టారు. అది ఎవరూ చెప్పలేదు. రెండో చరణానికి భానుశ్రీకి తన గొంతు ఎక్కడ ఆగుతోందో, పక్కావిడ గొంతు ఎక్కడ మొదలవుతోందో తెలియలేదు. మూడో చరణం దగ్గర సువార్తమ్మ ఒక్కతే పాడింది. "పాకలేని చోటికొచ్చె" అన్నప్పుడు ఆమె గొంతు ఒక్క క్షణం వణికింది. ఆగలేదు. "పాట పెట్టి పిలవరండి" అని ఆమె పిలిచేసరికి నూట ఇరవై మంది ఒక్కసారిగా అందుకున్నారు. రామకోటేశ్వరరావు కూడా అందుకున్నాడు. ఆయన పట్టుకున్న స్టాండు ఊగిపోయింది.

పాట అయ్యాక విశ్వేశ్వర్ వేలు పెదవుల మీద పెట్టుకుని, ఐదు సెకన్లు ఎవర్నీ కదలనివ్వలేదు. తర్వాత రికార్డరు ఆపి, "వచ్చేసింది! వచ్చేసిందండీ!" అని అరుస్తూ ఏసుపాదం గారిని వాటేసుకున్నాడు. చర్చి మొత్తం ఈలలు, కేకలు. భానుశ్రీ సువార్తమ్మ చేతులు పట్టుకుని గిరగిరా తిప్పేసింది. "నిదానం తల్లీ, మోకాళ్లు!" అని ఆమె నవ్వుతూనే తిరిగింది.

సోమవారం పాట వెళ్లింది. పదిన్నరకి మేనేజరు ఫోను.

"మేడం, ఇదేంటి? మీ గొంతెక్కడుంది ఇందులో? జనం కొనేది మీ పేరు చూసి."

"నా గొంతు లోపలే ఉందండీ, వాళ్లతో పాటు. మిగతా ఏడూ నేనే పాడానుగా. ఇది మాత్రం ఇలాగే వెళ్లాలి. అది కూడా ఆల్బమ్‌లో మొట్టమొదట. ఇంకోటి, సంప్రదాయ గీతం అన్నది తీసెయ్యండి. రచన, బాణీ సువార్తమ్మ. పాడినవారు ఆ ఊరి చర్చి సంఘం. వాళ్ల తర్వాత నా పేరు."

మేనేజరు "ఇంకోసారి వింటాను," అని పెట్టేశాడు. గంట తర్వాత మళ్లీ చేసినప్పుడు వెనకాల ఆఫీసులో ఎవరో చప్పట్లు కొడుతున్న చప్పుడు వినిపించింది. "మేడం, మా వాళ్లు ఆపడం లేదు," అన్నాడు. "మీరన్నట్టే కానిద్దాం."

డిసెంబరు మొదటి శుక్రవారం ఆల్బమ్ విడుదలైంది. వారం తిరక్కుండా ఆ చప్పట్లు బెజవాడ నిండా వినిపించాయి. కాలేజీ కుర్రాళ్లు మెట్ల మీద వరసగా కూర్చుని పాడిన వీడియోలు, ఆసుపత్రి నర్సులు పాడినవి, ఒక పల్లెలో మట్టి చేతులతో చప్పట్లు కొట్టే ముసలమ్మలవి. ఎవరికి వాళ్లు తమ జట్టుతో పాడి పెట్టారు. ఒక్కరే పాడినది ఒక్కటీ కనిపించలేదు భానుశ్రీకి.

సువార్తమ్మ ఎనిమిది పాటలూ విని తీర్పు చెప్పింది. "ఐదోది నాకు నచ్చింది. నువ్వే కట్టావంటగా? మంచి కట్టు. ఏడోదానికి మాటలు చాల్లేదు, మళ్లీ కూర్చో." భానుశ్రీ ఆ మాట విని పొగడ్త కంటే ఎక్కువ మురిసిపోయింది.

క్రిస్మస్ రోజు ఆమెకి మూడు ఊళ్ల నుంచి స్టేజీ పిలుపులొచ్చాయి. అన్నీ సాయంత్రానికి జరిపించుకుంది. పొద్దున ఏడింటికి ఆ పంటకాలవ గట్టు మీద ఉంది. మంచు ఇంకా విడలేదు. కోసిన వరి కుప్పలు తడిగా వాసనేస్తున్నాయి. కొత్తబట్టలు కట్టుకున్న పిల్లలు, వాళ్ల వెనక ఆడవాళ్లు, డోలక్ భుజాన వేసుకున్న మనిషి. గట్టు సన్నగా ఉంది. ఇద్దరి కంటే ఎక్కువ పక్కపక్కన నడవలేరు.

సువార్తమ్మ భానుశ్రీ చెయ్యి పట్టుకుంది. "బురదుంది, చెప్పులు విడు," అంది.

భానుశ్రీ చెప్పులు విడిచి చేత పట్టుకుంది. కాళ్ల కింద మట్టి చల్లగా తగిలింది. ముందున్న పిల్లలు అప్పుడే చప్పట్లు మొదలుపెట్టేశారు. ఆ వేగం అందుకోవడానికి ఇద్దరూ నవ్వుతూ అడుగులు పెంచారు.