నా గొంతెందుకు ఎండింది

నేను ఒక కార్బురేటర్ని. పెట్రోలునీ గాలినీ తగుపాళ్ళలో కలిపి ఇంజనుకి అందించడం నా పని. ఊళ్ళో ఏ దొంగతనం జరిగినా పోలీసులు ముందు పాత దొంగ ఇంటికే వెళ్ళినట్టు, ఇంజను దగ్గినా తుమ్మినా మనుషులు ముందు నా దగ్గరికే వస్తారు. తిట్టి ఊరుకోరు, విప్పుతారు. విప్పించుకుని విప్పించుకుని నా మరల తలలన్నీ అరిగిపోయాయి.

పుట్టింది జపానులో. అచ్చులో పోసిన ఒళ్ళు, లోపల పెట్రోలు చిమ్మే సన్నని ఇత్తడి జెట్లు, పెట్రోలు నిలవుండే చిన్న గిన్నె, అందులో తేలుతూ మట్టం చూసుకునే ఫ్లోటు. నన్ను బిగించింది రోటరీ ఇంజనుకి. దానికి పిస్టన్లు ఉండవు. కోలగా ఉన్న డొక్కలో మూడు మూలల దిమ్మ గిరగిరా తిరుగుతుంది. ఆ మూలల్లో సందు మూస్తూ బిగించిన సన్నని సీళ్ళే దాని ప్రాణం. వాటికి ఎప్పుడూ నూనె తడి తగలాలి. మా కారులో ఆ నూనెని పెట్రోలులోనే కలిపి పోసేవారు కాబట్టి, అది నా గొంతులోంచే వెళ్ళాలి. నా గొంతు ఎండితే సీళ్ళ పని సరి. ఈ ఒక్క ముక్కా గుర్తుంచుకుంటే చాలు, తక్కినదంతా మనుషుల భాగోతం.

మా కారుని విశాఖపట్నం తెచ్చింది సోమశేఖరం గారు. ఓడల్లో చీఫ్ ఇంజనీరు. తోటివాళ్ళు విదేశాల నుంచి టేపురికార్డర్లు తెచ్చుకుంటే ఈయన ఏకంగా కారే దింపుకున్నారు. కొన్నాళ్ళు బీచి రోడ్డు మీద ఊరేగారు. తర్వాత ఇంజను మూలపడితే దాన్ని ముట్టుకునే మేస్త్రీ దొరకక, టార్పాలిను కప్పి వదిలేశారు. ఉద్యోగ విరమణ అయ్యాక మళ్ళీ ప్రేమ పుట్టుకొచ్చింది. కంచరపాలెంలో తన పాత నేస్తం సన్యాసయ్య షెడ్డుకి తోయించుకొచ్చారు.

సన్యాసయ్య పేరున్న మెకానిక్కే. కానీ ఆ ముందటేడు పక్షవాతం వచ్చింది. మనిషి లేచి తిరిగాడు గాని కుడిచేతిలో వణుకు మిగిలింది. చెయ్యి పోయిందని ఎవరూ మొహం మీద అనలేదు. మనుషులు మర్యాదస్తులు కదా. బళ్ళు మాత్రం చడీచప్పుడు లేకుండా పక్క షెడ్లకి వెళ్ళిపోయాయి. మా ఇంజను విప్పిన రోజున అతను భార్య పైడమ్మతో అన్నాడు:

"ఇదొక్కటీ నిలబెట్టగలిగితే నాలో ఇంకా పనున్నట్టే, పైడీ. లేదంటే తాళమెట్టీసి ఇంటికాడ కూకుంటాను."

ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్క సీలూ దాని గాడిలో కూర్చోబెట్టాడు. ఆ పనిలో వెంట్రుకవాసి తేడా లేదు. కావాలంటే నేను సాక్ష్యం చెబుతాను. కానీ సాక్ష్యం చెప్పే నోరే నాకు లేదు.

మొదటిసారి స్టార్టు చేసేముందు పైడమ్మ పూజ చేసింది. విప్పి కట్టిన ఇంజను పురిటిబిడ్డ లాంటిదనీ, దానికి దిష్టి తొందరగా తగులుతుందనీ ఆమె నమ్మకం. అసలు దిష్టి తగిలేది నోటి దగ్గరట. బండికి నోరేది? పెట్రోలు పోసే చోటు. అందుకని స్టీరింగుకి చిన్న బొట్టు పెట్టి, టాంకు మూతకి మాత్రం పసుపూ గంధమూ ముద్దగా కలిపి దట్టంగా మెత్తింది.

కారుతో వచ్చిన మూత ఎప్పుడో పోయింది. తుక్కు కొట్లో దొరికిన పాత ఇత్తడి మూతని దానికి అమర్చారు. దాని నడిమధ్యన సూదిమొనంత బెజ్జం ఉంది. నూనె డబ్బాకి ఒక్క చోట పొడిస్తే నూనె రాదు, గాలి లోపలికి పోవడానికి ఇంకో చోట కూడా పొడవాలి. ఇది వంటింట్లో తెలియనివాళ్ళు లేరు. ఆ బెజ్జం టాంకుకి రెండో పోటు. పసుపు ఎండి పెచ్చుకట్టింది. బెజ్జం మూసుకుంది.

ఇంజను తుమ్మెదలా పాడింది. సన్యాసయ్య కళ్ళు తుడుచుకోవడం చూశాను. నేస్తాలిద్దరూ కారు రోడ్డెక్కించి రైలు గేటు దాటాక నా గిన్నెలోకి పెట్రోలు రావడం తగ్గింది, ఆ తర్వాత ఆగింది. కారు నిలిచిపోయింది. పెట్రోలు ఉందో లేదో చూద్దామని సోమశేఖరం గారు వెనక్కి వెళ్ళి మూత తిప్పారు. ఉస్సుమని గాలి లోపలికి పోయింది. పెట్రోలు ఆవిరి కాబోలనుకున్నారాయన. ముందువైపు బానెట్లో తల దూర్చి నన్ను విప్పుతున్న సన్యాసయ్యకి ఆ చప్పుడు వినబడలేదు. నా జెట్లు ఊది, తుడిచి మళ్ళీ బిగించేసరికి టాంకుకి ఊపిరి అందింది, నాకు పెట్రోలు అందింది. కారు కదిలింది.

"చూశావా, రోగమంతా కార్బురేటర్లోనే ఉంది," అన్నారు సోమశేఖరం గారు. నన్ను విప్పితే బండి కదిలింది కాబట్టి దోషం నాదే. మనుషుల న్యాయం అంత సులువు.

ఆ తర్వాత అదే తంతు. ఫిల్టరు మార్చారు, పంపు మార్చారు, టాంకు కడిగారు, నా ఫ్లోటు మట్టం సవరించారు. ప్రతి మరమ్మతు తర్వాతా పైడమ్మ కొత్తగా పసుపు మెత్తేది. బండి ఆగిన కొద్దీ ఆమెకి దిగులు, దిగులు పెరిగిన కొద్దీ పసుపు మందం. మొగుడి కోసం ఆ ఇల్లాలు అంతకంటే ఏం చెయ్యగలదు? ఆమె మీద నాకు కోపం రాలేదు. ఏడుపొచ్చింది.

సన్యాసయ్య నన్ను అనుమానించడం మానేశాడు. అది ఇంకా ఘోరం. ఫ్లోటు రేకుని వంచుతూ తన వేళ్ళకేసి చూసుకునేవాడు. "ఈ సెయ్యే బాబూ. మట్టం కుదర్నియ్యట్లేదు," అన్నాడొకనాడు సోమశేఖరం గారితో. నా మట్టం అద్దంలా ఉంది.

చివరికి పైడమ్మ మొక్కు ప్రకారం సింహాచలం కొండకి బయల్దేరారు. ముగ్గురూ కారులోనే ఉన్నారు. మూత మీద పసుపు ఆ రోజు చపాతీ మందాన ఉంది. సగం కొండ ఎక్కాక నా గొంతు ఎండడం మొదలైంది. ఎత్తు మీద ఆగితే వెనక్కి జారుతుందని సోమశేఖరం గారు యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యలేదు. పెట్రోలు లేదు, నూనె లేదు, ఇంజను వేడెక్కి కొట్టుకుంది. లోపల సీలు ఫటుక్కున విరిగి, డొక్కని చీరుకుంటూ తిరిగింది. అంతే, తర్వాత చప్పుడు లేదు.

సోమశేఖరం గారు మంచివారు. నేస్తం భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే సన్యాసయ్యా. చెయ్యి మునుపటిలా లేదు కదా, నీ తప్పేముంది?" అన్నారు.

తిట్టినా బాగుండేది. మర్నాడు షెడ్డుకి తాళం పడింది.

ఇంజను తుక్కులోకి పోయింది. ఎందుకో నన్ను మాత్రం సన్యాసయ్య ఇంటికి తెచ్చుకున్నాడు. ఇత్తడిని పారెయ్యడం ఇష్టం లేక ఆ మూతని పైడమ్మ తెచ్చుకుంది. ఒక రోజు ఆమె పెరట్లో సామాన్లు తోముకుంటూ, దాన్ని కూడా చింతపండేసి రుద్దింది. అరుగు మీద సన్యాసయ్య నన్ను ఒళ్ళో పెట్టుకుని ఊరికే తుడుస్తున్నాడు.

"మావా, దీనికి బెజ్జమున్నాదేటి? పసుపు కింద నాకెప్పుడూ కనబళ్ళేదు."

అతను మూత అందుకున్నాడు. ఆకాశానికేసి పట్టి చూశాడు. నోటితో ఊదాడు. అంచు గాడిలో ఇంకా మిగిలిన పసుపుని గోటితో గీకి చూశాడు. అతని ఒంట్లోంచి నిస్సత్తువ దిగిపోవడం నాకు తెలిసింది. తన చెయ్యి తప్పు చెయ్యలేదు! ఆ మాట పెదవుల దాకా వచ్చింది. తలెత్తితే ఎదురుగా చింతపండు చేతులతో పైడమ్మ నిలబడి ఉంది.

"ఏటది?" అంది మళ్ళీ.

"ఏటీ లేదే. పాతది గదా, చిలుము తినీసినాది."

"నీ సెయ్యి బాగుండుంటే ఆ బండి నడిసీది మావా," అంది ఆమె నిట్టూరుస్తూ.

"అవునే," అన్నాడు సన్యాసయ్య. "నా సెయ్యే."

ఇప్పుడు మేమిద్దరం, నేనూ ఆ మూతా, వాళ్ళింటి గూట్లో పక్కపక్కనే ఉంటున్నాం. మొన్న శుక్రవారం పైడమ్మ గడపకి పసుపు రాసి, చేతికి మిగిలినది తెచ్చి ఆ మూతకి రాసింది. సన్యాసయ్య చూస్తూనే ఉన్నాడు.