నాలుగింటికి వచ్చే సరస్సు

మధ్యాహ్నం నాలుగవుతుందనగా కైయా కుర్చీలన్నీ బల్ల మీదికి ఎక్కిస్తుంది. తివాచీ చుట్టి కిటికీ గట్టు మీద పెడుతుంది. రబ్బరు బూట్లు తొడుక్కుని కాఫీ పెట్టుకుంటుంది. అప్పుడు సరస్సు వస్తుంది.

తలుపు కింది సందులోంచి మొదట నల్లటి గీతలా వచ్చి, తర్వాత ఇల్లంతా పరుచుకుంటుంది. మడమలు దాటి పైకి రాదు. ఊరి పక్క పోరోవేసి సరస్సు మీద మంచు ఇంకా గట్టిగానే ఉంది, కానీ అడుగున నీరు నీరే కదా. ఒక్కోరోజు వెంట పిల్లచేపలు కూడా వస్తాయి. చీకటి పడే వేళకి వెళ్ళిపోతుంది. కైయా నేల తుడుస్తుంది. కింది ఇంటావిడ ఒకసారి పైకప్పు చెమ్మగిల్లిందని చెప్పడానికొచ్చి, రిస్తో సంగతి గుర్తొచ్చి, ఏం పర్లేదులే అని దిగిపోయింది.

రిస్తో కైయా భర్త. పోయిన ఏడాది మంచు కరిగే రోజుల్లో చేపలకని గడ్డకట్టిన సరస్సు మీదికి వెళ్ళాడు. అందరూ వెళ్ళేదే. ఆయన కింద మంచు విరిగింది.

వాళ్ళ కొడుకు లౌరికి ఇరవై ఒకటి. తండ్రిని పూడ్చి వచ్చిన రోజు నుంచీ ఇల్లు దాటలేదు. తిండికి గదిలోంచి వస్తాడు, తిని వెళ్తాడు. కైయా ఏమీ అడగలేదు. అడిగితే తలుపు మూసుకుంటాడని భయం.

తండ్రీ కొడుకులిద్దరూ ఒకే ఆన్‌లైన్ గేమ్ ఆడేవారు, వాడు గదిలో, ఆయన వంటింటి మూల. గేమ్‌లో రిస్తో ఒక గూని గొర్రెలకాపరి. గూని ఎందుకు నాన్నా అంటే, నిటారుగా ఉన్నవాడి మీదికే అందరూ కత్తి దూస్తార్రా అనేవాడు. అంతకు మించి పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. పక్కపక్కన గొర్రెలు తోలుకుంటూ పోయేవారు.

ఇప్పుడు గేమ్ కంపెనీ నుంచి కబురొచ్చింది. ఏడాదిగా ఎవరూ తెరవని ఖాతాలను ఈ ఆదివారం తీసేస్తారట. రిస్తో పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదు, అది ఆయన కంప్యూటర్‌కే తెలుసు. ఆ కంప్యూటర్‌లో గేమ్ తెరిస్తే లోడింగ్ గీత చివరిదాకా నిండుతుంది, తెర ఒకసారి రెప్ప వేస్తుంది, అంతా మూసుకుపోతుంది. వారమంతా అదే తంతు. లౌరి చేయగలిగిందంతా చేశాడు. శుక్రవారానికి వాడు చేతులెత్తేస్తే, కైయా సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది. అవతల ఎవరో అమ్మాయి, జలుబు గొంతు.

"గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తది వేశారా?"

"వేశామండి."

"పాతది తీసేసి వేశారా, దాని మీదే వేశారా?"

"తీసేసే వేశాం. గేమ్ కూడా తీసి మళ్ళీ పెట్టాం."

"ఫైళ్ళు సరిచూడమని అడిగారా?"

"అడిగాం. అన్నీ బాగున్నాయంటుంది. బాగున్నాయని చెప్పి మరీ ఆగిపోతుంది."

అమ్మాయి ముక్కు చీదుకుంది. "కంప్యూటర్ పెట్టె బాగా వేడెక్కుతోందా?"

"లేదండీ. సాయంత్రాలు మా ఇంట్లో సరస్సు ఉంటుంది, చల్లగానే ఉంటుంది."

"ఎంత లోతు?"

"మడమల దాకా."

"పెట్టె బల్ల మీదేగా? అయితే దాంతో ఇబ్బంది లేదు. ఒక పని చేయండి. వేరే ఇంట్లో, వేరే ఇంటర్నెట్ లైన్ మీద పెట్టి చూడండి. ఇంక నా దగ్గర ఉన్నది అదొక్కటే."

"ఆదివారం తీసేయడం ఆపలేరా?"

"నా చేతిలో లేదండీ. ఖాతాదారు ఒక్కసారి లోపలికొచ్చి ఒక్కడుగు వేస్తే చాలు."

"ఖాతాదారు రాలేడమ్మా."

"ఎవరు అడుగు వేయించారో మేం చూడమండీ," అంది ఆ అమ్మాయి.

లౌరి గుమ్మంలో నిలబడి విన్నాడు. "వదిలెయ్యమ్మా. అది బొమ్మ."

"బొమ్మేలే."

శనివారం కైయా నేలమాళిగలోంచి ప్లాస్టిక్ మంచుబండి తెచ్చింది. చిన్నప్పుడు లౌరిని దాంట్లో కూర్చోబెట్టి లాగేవారు. కంప్యూటర్ పెట్టెను దుప్పటిలో చుట్టి దాంట్లో పెట్టింది. తెర, కీబోర్డు కూడా పెట్టింది. ఎదురు భవనంలో తౌనో ఉంటాడు, బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆయన లైన్ వేరే కంపెనీది.

"నేను రాను," అన్నాడు లౌరి.

"నిన్నెవరు రమ్మన్నారు?"

"ఏ తీగ ఎక్కడ పెట్టాలో నీకు తెలుసా?"

"తౌనో చూస్తాడు."

"ఆయన టీవీ పెట్టడానికే పక్కింటివాళ్ళని పిలుస్తాడు."

కైయా బండి తాడు పట్టుకుని నడవాలో పీట మీద కూర్చుంది. లేవాలనుకుంది. పొద్దున్నించీ తినలేదని గుర్తొచ్చింది, అయినా లేవలేదు. అట్లా ఎంతసేపు కూర్చుందో, నాలుగైన సంగతి మర్చిపోయింది. కుర్చీలు కిందే ఉన్నాయి.

సరస్సు వచ్చింది. ఈసారి మడమల దగ్గర ఆగలేదు. పిక్కల దాకా లేచి, మంచుబండిని మెల్లిగా ఎత్తింది. ఒకసారి గుండ్రంగా తిప్పి, గుమ్మం వైపు పట్టుకుపోయింది. తాడు కైయా వేళ్ళలోంచి జారిపోయింది.

"అమ్మా, తీగ," అన్నాడు లౌరి. "తీగ నీళ్ళలో పడుతోంది."

కరెంటు తీగ బండి అంచు నుంచి జారి వేలాడుతోంది. వాడు వంగి దాని కొస పట్టుకున్నాడు. బండి ఆగలేదు. తీగ తడవకుండా పైకెత్తి పట్టుకుని వెనకే నడిచాడు, కుక్కని తిప్పడానికి బయల్దేరిన వాడిలా. గుమ్మం దాటాడు. మెట్లు దిగాడు. కైయా వాడి వెనకాల దిగింది. ఒక్క మాట మాట్లాడితే ఎక్కడ వెనక్కి తిరుగుతాడో అని పెదవి కొరుక్కుంది.

పెరట్లో మంచు మీద సరస్సు సన్నటి పాయగా సాగింది. చెత్త పారేయడానికొచ్చిన ఒకావిడ పక్కకి జరిగి దారిచ్చింది. లౌరి ఎండకి కళ్ళు చిట్లించాడు. సాక్సుల్లోనే ఉన్నాడు.

తౌనో తలుపు తీసి నీళ్ళనీ, బండినీ, పిల్లాణ్ణీ చూశాడు.

"రండి. కాఫీ ఉంది. ఏమిటి దీనికి జబ్బు?"

"తెరుచుకుంటుంది, పడిపోతుంది," అంది కైయా.

"ఆవిరిస్నానం చేయించారా? సారా పోశారా? తారు పూశారా?"

"లేదు."

"మూడింటికీ లొంగకపోతేనే చావు జబ్బని పెద్దల సామెత. అంతదాకా భయంలేదు." లౌరికి పొడి సాక్సులు విసిరాడు. "ముందు ఇవి తొడుక్కోరా. నీ తండ్రీ ఇంతే, కాళ్ళు చూసుకునేవాడు కాదు."

లౌరి నవ్వలేదు గానీ సాక్సులు తొడుక్కున్నాడు. తీగలన్నీ కలిపాడు. గీత నిండింది. తెర రెప్ప వేసింది. ముగ్గురూ ఎత్తిన కాఫీ కప్పులు దించలేదు.

తెరుచుకుంది.

ఒక రాతిగోడ పక్కన గూని గొర్రెలకాపరి వానలో నిలబడి ఉన్నాడు. ఏడాదిగా నిలబడే ఉన్నాడు. లౌరి చాలాసేపు ఊరికే చూశాడు. తర్వాత మీట నొక్కి ఒక్కడుగు వేయించాడు. ఇంకో అడుగు వేయించి, గోడ వెనక పాక చూరు కిందికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు.

"శీతాకాలమంతా నీ గది దీపం కనబడేదిరా," అన్నాడు తౌనో. "వచ్చి తలుపు కొడదామనుకునేవాణ్ణి. ప్రశాంతంగా ఉన్నారేమో, కదపడం ఎందుకులే అని ఊరుకున్నా."

"నేనూ అంతే," అంది కైయా.

కిటికీలోంచి చూసి తౌనో అన్నాడు, "నీళ్ళు మళ్ళుతున్నాయి. పెట్టెను బండి ఎక్కించండి."

"అమ్మా, నువ్వు దాంతో వెళ్ళు," అన్నాడు లౌరి, తౌనో బూట్లు అడిగి తొడుక్కుంటూ. "నేను నడిచొస్తా."

కైయా ఇంటికొచ్చి నేల తుడిచింది. చీకటి పడింది. వాడు రాలేదు. పెరడు దాటడానికి ఇంతసేపా? మంచు విరిగే చప్పుడు ఇంత దూరం వినబడదని ఆమెకు తెలుసు. అయినా చెవులు అటే ఉన్నాయి. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

తలుపు చప్పుడైంది. లౌరి చేతిలో పాల డబ్బా ఉంది.

ఏడాదిలో మొదటిసారి కైయా అడిగింది. "ఎక్కడికెళ్ళావురా?"

వాడు తలుపు మూసుకోలేదు. ఆమె ఎదురుగా కూర్చున్నాడు. "ఒడ్డుకి. నాన్న పోయిన చోటు అక్కణ్ణించి కనబడుతుంది. నాకు చూపించవా అమ్మా అని అడగాలనుకునేవాణ్ణి. నువ్వు ఏడుస్తావని."

"ఏడుస్తా," అంది కైయా. "ఏడిస్తే ఏమైంది?"

ఆ రాత్రి ఇద్దరూ రిస్తో గురించి మాట్లాడుకున్నారు.

మర్నాడు నాలుగింటికి నీళ్ళు రాలేదు. కైయా బూట్లతో నడవాలో నిలబడి తలుపు కింది సందు వంక చూస్తూ ఉంది. పొడిగా ఉంది.

లౌరి గదిలోంచి కోటు వేసుకుంటూ వచ్చాడు.

"అది రాదమ్మా. ఇక నేనే వస్తుంటానని నిన్న చెప్పా దానికి."

"మంచు మీదికా?"

"ఒడ్డు దాకానే. నువ్వూ రా."