వాల్టర్ తెచ్చిన జింక మాంసం

ఇర్వింగ్‌లో మా పచారీ కొట్టు లీజు ఆ డిసెంబరుతో అయిపోతుంది. ఆ చోటు కోసం ఇంకొకడు తిరుగుతున్నాడని నాకు తెలుసు. అలాంటి సమయంలో బిల్డింగ్ ఓనర్ వాల్టర్, తాను వేటాడిన జింక మాంసం పట్టుకుని కొట్టుకొచ్చాడు. చనిపోయిన అతని భార్య రూత్ దాన్ని మైదా పిండిలో చుట్టి ఓవెన్‌లో కాల్చేదట.

"మీ ఆవిడ చేయగలదా?" అన్నాడు.

లాభమే తప్ప నష్టం లేని బేరం. చేస్తుందని మాటిచ్చేశాను.

"బేరం మీది, చాకిరీ నాదా?" అంది మా ఆవిడ దయామణి.

జింకకి కొవ్వుండదు, ఎండిపోతుందని పులుసు పెట్టి వండి, వేడివేడిగా పిండిలో చుట్టింది. ఓవెన్‌లోంచి తీస్తే అడుగంతా నాని ఊడిపోయింది. రెండోసారి నేతిలో వేపుడు చేసి, బాగా చల్లార్చి, కజ్జికాయల్లా మడిచి అంచులు గోటితో నొక్కి కాల్చింది.

ఆదివారం మేం చర్చి నుంచి రాగానే వాల్టర్ ఇంటికొచ్చాడు. మొదటి ముక్కకే కారానికి అతనికి చెమటలు పట్టాయి.

"రూత్ చేసినట్టు లేదు" అన్నాడు.

లీజు పోయినట్టే అనుకున్నాను. దయామణి మాత్రం నవ్వుతూ ఇంకొకటి వడ్డించింది. అదీ తిన్నాడు, మూడోదీ తిన్నాడు. నేను లీజు మాట ఎత్తబోతే ఆవిడ కళ్ళతోనే ఆపేసింది.

వెళ్తూ వాల్టర్ గుమ్మంలో ఆగాడు. "వచ్చే ఏడాది జింకని కూడా మీ కొట్టుకే తెస్తానమ్మా. కారం కాస్త తగ్గించు."

కారు కదిలాక దయామణి నా వైపు తిరిగింది.

"లీజు కాగితాలు రేపు తీసుకెళ్ళండి. ఇప్పుడు అడగొచ్చు."