కలిపిన గీత

పొద్దున్నే వాకిలి ఊడ్చి, సాన్పి చల్లి, ముగ్గేయడం పాతబాయి బస్తీలో ప్రతి ఇంటికీ ఉన్న పనే. కమ్యూనిటీ హాలు ముందు వేసే ముగ్గుకు మాత్రం కాస్త జాగ్రత్త పడతారు. అక్కడ ఎట్లా వేస్తే, తడి ఆరేలోపు గల్లీలు అట్లా తిరుగుతాయి. నల్లా రెండిళ్ల అవతలికి పోతే "ఇయ్యాల ఎవరి చెయ్యి వణికిందే?" అనుకుంటూ బిందెలెత్తుకుని అక్కడికే నడుస్తారు.

ఏ బస్తీ ప్లాన్ ఆ బస్తీవాళ్లే గీసుకోవాలి, దాన్నే పట్టణం ప్లాన్‌లో కలుపుతామని మున్సిపాలిటీ చెప్పినప్పుడు అందరూ కమ్యూనిటీ హాలు ముందు ముగ్గుల్లో చెయ్యి తిరిగిన నవత చేతిలో ముగ్గుగిన్నె పెట్టారు. ఇంటికో చుక్క. చుక్కల మధ్య గల్లీలు, మోరీ, అంగన్‌వాడీ. వార్డు ఆఫీసర్ వీరేందర్ ఫోన్లో ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు.

గీత తెగితే ఇంటికి మంచిది కాదని అత్త బతుకమ్మ నేర్పింది. ఆ అలవాటులో నవత చివరి గీతను తెచ్చి మొదటిదానితో కలిపేసింది. రోడ్డుకు పోయే దారి కూడా దాంతోపాటే మూసుకుంది.

వెనక అడవిశాఖ కంచె, పక్కన బొగ్గు రైలు కట్ట, ముందు భుజాలు కలిపి నిలబడ్డ ఇళ్లు. బొగ్గుబాయిలో రెండో షిఫ్టుకు టిఫిన్ డబ్బాలతో బయల్దేరిన మగవాళ్లు గల్లీ గల్లీ తిరిగి తమ గడపల ముందే తేలారు. నవత భర్త కూడా.

వీరేందర్‌కు ఫోన్ చేశారు.

"మీరు గీసిందే కదమ్మా. మార్పులు గిట్ల ఉంటే వచ్చే వార్డు సభల చెప్పుండ్రి."

ప్రజల ప్లాన్ అంటే తప్పు ప్రజలదని ముందే రాసుకోవడం కాబోలు.

సాయంత్రానికి పక్కింటి ప్రమీలకు నొప్పులు మొదలయ్యాయి. 108 బండి వచ్చి ఇళ్ల అవతల కూత పెడుతోంది. కలిసిన గీత ఊరికే విడిపోదు. రోడ్డు వైపు ఒక చుక్క తుడిచేస్తేనే దారి. చుక్కంటే ఇల్లు.

"మాది ముట్టకు నవతా, మొన్ననే స్లాబేసినం."

"మా నాయిన మంచం మీద ఉన్నడు, ఏడికి తీసుకపోను?"

ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. నవతకు ఊపిరాడనిది అందుకే. ప్రమీల కేక ఈసారి సగంలోనే ఆగిపోయింది. నవత రోడ్డు వైపే ఉన్న తమ చుక్క మీద అరచెయ్యి పెట్టి అత్త వైపు చూసింది.

"నీ మామ బాయిల దిగి కట్టిన ఇల్లే అది," అంది బతుకమ్మ.

"అవ్ అత్తా."

ముసలామె ఇంటి వైపు అడుగేసింది.

"పొయ్యి మీద అన్నమున్నది. దించినంక తుడువు."

లోపలికి పోయి అన్నం గిన్నె, బట్టల మూట, మామ ఫొటో తెచ్చుకుంది. నవత తుడిచింది. పొయ్యి ఉన్న చోటు మీదుగా బండి ప్రమీల గడప దాకా వచ్చింది. భూమిలో దిగిన రోలొక్కటే కదల్లేదు. డ్రైవర్ దాన్ని తప్పించుకుని పోయాడు. దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది.

తర్వాతి సభకు వీరేందర్ పెద్ద ప్లాన్ తెచ్చి పరిచి, రోలున్న చోట వేలు పెట్టాడు. "రోడ్డు నడిమిట్ల ఈ చుక్కేంది?"

"మా ఇల్లు సారూ," అంది బతుకమ్మ.

ఇప్పుడు అత్తాకోడళ్లు, నవత భర్త కంచె పక్కన కిరాయి గదిలో ఉంటున్నారు. పొద్దున్నే బతుకమ్మ వచ్చి నడిరోడ్డు మీద రోలు చుట్టూ సాన్పి చల్లి ముగ్గేస్తుంది. ఆటోలు పక్కకు జరిగి పోతాయి. చివరి గీత దగ్గర ఆమె చెయ్యి ఆగుతుంది. దాన్ని కలపకుండానే లేచి, చేతులు దులుపుకుంటుంది.