కడగని బండి

బండి స్టేషనుకి పోలేదు. స్టేషను గడియారం కనబడేంత దగ్గరికి వచ్చి, పట్టాలు మారి, బొగ్గు గుట్టల మధ్యనున్న గూడ్స్ యార్డులోకి దూరి ఆగింది. బోగీల కిటికీలు దారి పొడుగునా మూసే ఉంచారు. లోపల చీము వాసన, చెమట వాసన, ఎడతెగని మూలుగులు. బయట ఎక్కడో బ్యాండు మేళం మోగుతోంది.

"విన్నారా? మనకోసమేరోయ్!" అన్నాడు కింది బెర్తు మీద జోకులోడు. "పెళ్ళికొడుకులం దిగుతున్నాం మరి! ఎవరైనా నా పొట్ట మీద కట్టు సర్దండర్రా, ఫొటో తీస్తారు."

పొట్టలో గుండు ముక్క పెట్టుకుని కూడా వాడు నోరు మూయలేదు. వాడి నోరే ఆ బోగీకి మందు. ఎదుటి బెర్తు మీద గొలుసు. సైన్యంలో చేరకముందు ఇదే యార్డులో పెట్టెకీ పెట్టెకీ గొలుసులు తగిలించే పని చేసేవాడు, ఆ పేరే స్థిరపడిపోయింది. ఇప్పుడు ఎడమ కాలు తొడ దగ్గరికే ఉంది. ఆ పక్కన మెడల్ బాబాయ్. రెండు చేతులూ మణికట్ల దగ్గర పోయాయి. ఛాతీ మీద పతకం మాత్రం ధగధగలాడుతోంది.

"ఇది పెట్టుకున్నవాడు కనబడితే జనరలైనా సరే ముందు సెల్యూట్ కొట్టాలి. ఆ తర్వాతే మాట. రూలు!" అని బాబాయ్ దారంతా చెబుతూనే వచ్చాడు.

"ఒక్కసారి నాకు పెట్టు బాబాయ్," అనేవాడు జోకులోడు. "నా బతుక్కి చెయ్యెత్తింది మా ఆవిడ ఒక్కతే. అదీ చీపురుతో."

తలుపు ధడాలున తెరుచుకుంది. కింద బండి ఆఫీసరు, మడత నలగని చొక్కాతో, గడియారం చూసుకుంటూ. "దింపండి, దింపండి! అసలే బండి లేటు. ఇదే బండి కొత్తవాళ్ళని ఎక్కించుకుని పోవాలి. అక్కడ మంత్రిగారు వచ్చేశారు!"

స్ట్రెచర్లు చాల్లేదు. ఇద్దరు ఆర్డర్లీలు జోకులోణ్ణి దుప్పటితో సహా ఎత్తారు. పాత దుప్పటి అది. మెట్టు దగ్గరికి వచ్చేసరికి పర్రున చిరిగింది. మనిషి అంత ఎత్తునుంచి బొగ్గు మీద పడ్డాడు.

"మెల్లగా బాబూ... పెళ్ళికొడుకుని..." అన్నాడు. ఆ మాట పూర్తికాలేదు. ఇంకెప్పటికీ కాదు.

ఆఫీసరు వంగి చూశాడు. లేచి గడియారం చూసుకున్నాడు. "పక్కకి జరపండి, దారికి అడ్డం. మిగతావాళ్ళని కానివ్వండి. నేను ప్లాట్‌ఫారం మీదుంటా. బండి కడిగించి వెంటనే పంపండి." అని చక్కా పోయాడు.

గొలుసు యుద్ధంలో చూడని చావు లేదు. చూసి చూసి ఏడవడం మరిచిపోయాడు. కానీ అక్కడ చంపేవాణ్ణి శత్రువన్నారు. ఇది తన ఊరు, తన యార్డు, చిన్నప్పటినుంచీ కాళ్ళకంటిన బొగ్గు. ఆ బొగ్గులో జోకులోడు వెల్లకిలా పడున్నాడు. 

అప్పుడే బోగీలు కడిగే ఆడవాళ్ళు వచ్చారు, బకెట్లూ బ్రష్షులూ ఫినాయిలూ పట్టుకుని. వాళ్ళకి ఈ బండి కొత్త కాదు. యుద్ధం మొదలైనప్పటినుంచీ వస్తున్నారు, నెత్తురు కడుగుతున్నారు, పోతున్నారు. అయితే వాళ్ళని పిలిచేది గాయపడ్డవాళ్ళని లారీలెక్కించేశాకే. యార్డులో అదీ పద్ధతి. ఇవాళ బండి లేటవడంతో ఆ పద్ధతి చెడింది. కడగాల్సిన నెత్తురుతోపాటు ఆ నెత్తురు కార్చిన మనుషులు కూడా కంటబడ్డారు.

ముందు నడుస్తున్నామె చేతిలో బకెట్టు జారిపోయింది.

"ఒరేయ్... గొలుసూ?"

"అక్కా!"

ఆమె పరుగెత్తుకొచ్చి తలుపు పట్టుకుంది. తమ్ముడి మొహం చూసింది, దుప్పటి చూసింది, దుప్పటి కింద ఖాళీ చూసింది. నెత్తి బాదుకుంది. "అయ్యో, అయ్యో! కాలేదిరా? ఎక్కడ పారేసుకొచ్చావురా? ఎవరికీ పెద్ద దెబ్బల్లేవని చెప్పారు కదరా మాకు!"

"ఎవరు చెప్పారు?"

"రేడియోలో మీ దళం పేరు చదివారు. కొండ గెలిచారనీ, పెద్దగా నష్టం లేదనీ. చిన్నోడు ఎగిరి గంతేశాడు. మర్నాడే పోయి పేరిచ్చేశాడు. ఇవాళే ప్రయాణం."

గొలుసు మోచేతుల మీద లేచాడు. "ఏ బండికి?"

"ఇంకే బండుందిరా, ఈ బండే! మేం కడగాలి, రంగు కాగితాలు కట్టాలి, అటు లాక్కుపోతారు. ఎన్నిసార్లు కడిగానో! ఎవడి నెత్తురో అనుకున్నాన్రా. ఎవరో కొందరికి దెబ్బలు తగిలుంటాయి, నయమైపోతాయి అనుకున్నా. నా చేత్తో నేనే కడిగి..."

చిన్నోడు! తడి ఆరని ఇదే బెర్తు మీద తమ్ముడు కూర్చుంటాడు. కింద ఏం కడిగారో వాడికి తెలీదు. గొలుసు అన్నాడు, "అక్కా, కడగొద్దు."

"ఏంటీ?"

"మీరు కడగొద్దు. మేం దిగం. ఇలాగే ప్లాట్‌ఫారం మీదికి పోదాం."

బోగీలో గోల లేచింది. కొందరు "సరే" అన్నారు, కొందరు "పిచ్చా?" అన్నారు. మెడల్ బాబాయ్ గొంతు అందరికంటే పైకి లేచింది. "నోర్మూసుకోండి! ఒంటిమీద యూనిఫాం ఉంది. చేతులిచ్చాను గానీ పరువివ్వను. ఇలా కుంటుతూ మూలుగుతూ ఊరిముందు పడితే పరువేం గాను? కొత్త కుర్రాళ్ళ గుండె జారిపోదా?"

"జారనీ బాబాయ్," అంది మూలనుంచి ఒక గొంతు. కళ్ళకి కట్టు కట్టుకున్న కుర్రాడు. "నాకు చూపున్నప్పుడు జెండాలు చూపించారు. ఇదంతా అప్పుడే చూపించుంటే ఇప్పుడు కూడా చూస్తూ ఉండేవాణ్ణి."

"దేశం కోసం..." అన్నాడు బాబాయ్.

"ఏ దేశం కోసం?" గొలుసు అరిచాడు. "కొండ మీద గుడిసెలు తగలబెట్టమన్నారు. నూనె డబ్బా నా చేతికే ఇచ్చారు. లోపల ముసలమ్మ ఉందని చెప్పా. 'ఆర్డర్!' అన్నాడు మన కెప్టెన్. పోశాను బాబాయ్, వెనక నువ్వు కూడా ఉన్నావు! ఆ కొండ ఎందుకు కావాల్సొచ్చింది? కింద గనులున్నాయి. ఆ గనులు ఎవరివి? అదిగో, అక్కడ మేళం పెట్టించుకుని కుర్చీల్లో కూర్చున్నవాళ్ళవి. మన పరువంటే వాళ్ళకి అంత ప్రేమైతే మనల్ని బొగ్గులో ఎందుకు దాస్తున్నారు? తప్పుంటేనే దాస్తారు. ఆ తప్పెవరిది?"

బాబాయ్ తెరిచిన తలుపులోంచి కిందికి చూస్తున్నాడు. జోకులోడి నోట్లో బొగ్గు పొడి పడింది. ఒకామె కూర్చుని కొంగుతో తుడుస్తోంది.

"ముందు వాణ్ణి ఎక్కించండి," అన్నాడు బాబాయ్.

ఇక ఆగిందెవరు! ఆడవాళ్ళు బకెట్లు పక్కన పడేసి, దింపినవాళ్ళని మళ్ళీ ఎత్తుకొచ్చారు. నడవగలిగినవాళ్ళు నడవలేనివాళ్ళని లాగారు. ఆర్డర్లీలిద్దరూ బిక్కమొహాలేసుకుని నిలబడితే అక్క గదిమింది, "మీరేంటి, ఆపుతారా?" వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని బండి మెట్ల మీద చతికిలబడ్డారు. "మాకూ కాళ్ళు నొప్పెడుతున్నాయి," అన్నాడొకడు.

ఇంజను డ్రైవరు తల గోక్కున్నాడు. "నా ఉద్యోగం ఊడుతుంది."

"వీళ్ళకేం ఊడాయో చూశావా?" అంది అక్క.

డ్రైవరు చూశాడు. నెత్తిమీద టోపీ సర్దుకున్నాడు. "నాకు సిగ్నలిచ్చారు, లాగమన్నారు. కడిగారా లేదా చూడటం నా డ్యూటీ కాదు," అంటూ ఇంజనెక్కాడు.

బండి కదిలాక బాబాయ్ గొలుసుని దగ్గరికి పిలిచాడు. "నాకు చేతుల్లేవు. ఈ పతకం తీసి వాడికి పెట్టరా. అడుగుతూనే ఉన్నాడు పాపం." గొలుసుకి ఆ పిన్ను గుచ్చడానికి చాలాసేపు పట్టింది.

ప్లాట్‌ఫారం నిండా జనం. జెండాలు, రంగు కాగితాలు, కొత్త బూట్లు, ఏడుపు దిగమింగుకుంటున్న అమ్మలు. మంత్రి మైకు ముందు త్యాగం, గౌరవం అంటున్నాడు. బండి వచ్చి ఆగగానే మేళం ఊపందుకుంది. అప్పుడు ఒక్కొక్క కిటికీ పైకి లేచింది.

ముందు బాకాలు ఆగాయి. ఏం జరిగిందో తెలియని డ్రమ్మువాడు మాత్రం ఇంకాసేపు కొట్టి, తనొక్కడే కొడుతున్నానని తెలిసి ఆపేశాడు. వాసన ప్లాట్‌ఫారం మీదికి దిగింది. తెరిచిన తలుపుల్లో నెత్తురు కట్టిన నేల, దాని మీద ఖాళీ బకెట్లతో నిలబడ్డ ఆడవాళ్ళు, వెనక బెర్తుల మీద మనుషులు, మనుషుల్లో మిగిలినవి. ఎవరో తల్లి కెవ్వుమంది. ఆ కేకతో జనం ముందుకు తోసుకొచ్చారు. "మావాడున్నాడా? ఆ దళంలో మావాడు, చూశారా?"

"అన్నయ్యా!"

చిన్నోడు. బోడిగుండు, కొత్త బట్టలు. తలుపు దగ్గరికొచ్చి ఆగిపోయాడు. చూపు గొలుసు మొహం మీదినుంచి కిందికి దిగి, లేని కాలు దగ్గర నిలిచిపోయింది.

"కొండ గెలిచారన్నారు కదన్నయ్యా," అన్నాడు.

"గెలిచాం రా. ఇదిగో, ఇదే గెలుపు. రా, ఎక్కు, చోటు చేస్తాం."

గొలుసుకి వాణ్ణి దగ్గరికి లాక్కుని ఏడవాలనిపించింది. ఇంతలో ఆఫీసరు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు, మొహం జేవురించి.

"ఎవడ్రా పంపింది? కొత్తవాళ్ళంతా లైన్లో రండి! వీళ్ళని కిందికి లాగండి! ఇది ఆర్డర్!" చిన్నోడి భుజం పట్టి ముందుకు తోశాడు. "నువ్వు, మొదట నువ్వు లాగు!"

మెడల్ బాబాయ్ తలుపుకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "ఆగండి సార్. ఈ బోగీలో పతకం ఉంది. రూలు తెలుసుగా? ముందు సెల్యూట్, తర్వాతే మాట."

వెనక మంత్రి, చుట్టూ జనం. ఆఫీసరు చెయ్యి అలవాటుగా నుదుటిదాకా లేచింది. బాబాయ్ ఛాతీ మీద ఏమీ లేదు.

"నాక్కాదు. అటు," అని బాబాయ్ పక్కకి తప్పుకున్నాడు.

కింది బెర్తు మీద జోకులోడు. చొక్కా నిండా బొగ్గు, బొగ్గు మీద పతకం.

"పెళ్ళికొడుకు," అన్నాడు బాబాయ్. "ఇందాక తమరు దారికడ్డమని పక్కకి జరిపించారే, ఆ పెళ్ళికొడుకే. కొట్టండి సార్. రూలు!"

లేచిన చెయ్యి కిందికి దిగింది. "ఈ శవాన్ని ముందు తీసెయ్యండి," అన్నాడు ఆఫీసరు.

చిన్నోడు ఆయన వంక చూశాడు. తర్వాత కొత్త బూట్లు టపుక్కున కలిపి, చెయ్యెత్తి జోకులోడికి సెల్యూట్ కొట్టాడు. వాడి పక్కవాడు కొట్టాడు. ఆ వెనకవాడు. ప్లాట్‌ఫారం పొడుగునా బూట్లు కలిసిన చప్పుడు పాకుతూ పోయింది. చెయ్యెత్తనిది ఆఫీసరూ, మంత్రీ, కుర్చీల్లోవాళ్ళూ మాత్రమే. ఎవరు ఎటున్నారో ఊరంతటికీ తేటతెల్లమైంది. ఆ తర్వాత కొత్తవాళ్ళు ఎవరూ చెప్పకుండానే, ఎక్కడివాళ్ళక్కడే నేల మీద కూర్చున్నారు. అమ్మలు వాళ్ళ పక్కన కూర్చున్నారు.

పోలీసులు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. డ్రైవర్ని ఇంజను మీంచి దింపారు. అక్కకి బేడీలు వేశారు. "ఎవరు చెప్తే కడగలేదు?" అని గద్దించారు. "చూసినాక ఎవరైనా చెప్పాలా?" అంది. గొలుసుని "నడు" అన్నారు. అనేశాక కిందికి చూసి, ఏం చేయాలో తోచక నిలబడిపోయారు.

చిన్నోడు వచ్చి అన్న ముందు వంగాడు. "ఎక్కు."

"పోరా. నీ మీద కూడా కేసు పెడతారు."

"పెట్టనీ. బరువు మొయ్యడానికే కదా నన్ను పిలిచారు. తుపాకీ కంటే నువ్వే నయం."

గొలుసు తమ్ముడి వీపు మీదికెక్కాడు. బేడీల చేతులతోనే అక్క వెనకనుంచి కేకేసింది, "ఒరేయ్ చిన్నోడా, వాడి కాలు జాగ్రత్త!"

"ఏ కాలక్కా?" అన్నాడు గొలుసు. అన్నాక ఆ గొంతు జోకులోడిదే అనిపించి, ఊరందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు. వాళ్ళని తీసుకెళ్ళిన దారి పొడుగునా జనం నడిచారు.

మధ్యాహ్నానికి ఇంకో యార్డునుంచి వేరే ఆడవాళ్ళని లారీలో తెచ్చారు, చుట్టూ తుపాకుల కాపలాతో. బోగీలో నెత్తురు గడ్డకట్టి నల్లబడింది. బెర్తుల మీద మనుషులు అలాగే ఉన్నారు. ముందున్న ముసలామె తలుపు దగ్గర నిలబడి లోపలికి చూసింది. పతకం పెట్టుకుని పడుకున్నవాణ్ణి చూసింది. ఎవరు, ఏమిటి అని అడగలేదు. నిండు బకెట్టు పట్టాల మీద పారబోసి, బోర్లించి, దాని మీద కూర్చుంది. వెనకనున్నవాళ్ళు కూడా ఒక్కొక్కరే పారబోసి, బోర్లించి కూర్చున్నారు.

"లేవండి! బండి లేటవుతోంది!" అని ఆఫీసరు అరిచాడు.

ఎవరూ లేవలేదు. ఆయన మళ్ళీ గడియారం చూసుకున్నాడు.